దిష్టిబొమ్మ కోటు

ఆ మైదానంలో నడిచి వెళ్ళడానికి చోటు లేదు. హెస్టర్‌కు అదే కోపం. ఎంత దూరం నడిచినా బయలుదేరిన చోటనే ఉన్నట్టుంటుంది. చెట్టు లేదు, గుట్ట లేదు, వాగు లేదు. మోకాలెత్తు ఉప్పుతుప్పలు, తెల్లటి సున్నపురాళ్ళు, పైన ఆకాశం. వాటి నడుమ రెండు పట్టాలు. తూర్పు నుంచి వస్తాయి, పడమరకు పోతాయి. ఎక్కడా వంపు తిరగవు. వచ్చే రైలు పొగ చాలా ముందుగా కనబడుతుంది. కనబడి అక్కడే ఉండిపోతుంది. ఎంతకీ రాదు. వచ్చాక మాత్రం ఆగదు.

అయినా ఆమె నడిచేది. రేకు గుడిసె నుంచి నీళ్ళ తొట్టి దాకా, తొట్టి నుంచి పట్టాల దాకా, మళ్ళీ గుడిసెకు. పెట్టె సర్దేది, విప్పేది, మళ్ళీ సర్దేది.

"కాళ్ళ కింద నిప్పులు పోశారా నీకు? కాసేపు కూర్చోవే," అనేవాడు ఆమె మొగుడు ఎనోక్.

"నిప్పులే ఉంటే నీ పొయ్యిలో పోసేదాన్ని," అనేది హెస్టర్.

ఎనోక్ సముద్రపు ఒడ్డున మూంటా రాగి గనుల్లో పుట్టి పెరిగిన మనిషి. తాత గనిలో దిగాడు, తండ్రి దిగాడు, తనూ దిగాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది. డాక్టరు చెవి ఆనించి విని, సముద్రపు తేమ తగిలితే నువ్వు దక్కవు, పొడి గాలి ఉన్న చోటికి పో అన్నాడు. పొడి గాలి అంటే ఇదే. తూర్పు నుంచి ఒక గుంపు, పడమర నుంచి ఒక గుంపు పట్టాలు పరుచుకుంటూ వచ్చి ఇసుక తిన్నెల దగ్గర కలిసి ఇంకా ఎన్నో ఏళ్ళు కాలేదు. అంతకు ముందు ఓడలో చుట్టూ తిరిగి వెళ్ళిన జనం ఇప్పుడు రైల్లో పియానో వాయించుకుంటూ దేశాన్ని అడ్డంగా దాటుతున్నారు. వాళ్ళలా దాటాలంటే దారి పొడుగునా ఎవరో ఒకరు మేకులు బిగిస్తూ, కంకర సర్దుతూ కాపు కాయాలి. ఎనోక్ ఆ పనిలో చేరాడు. పగలు బాగానే ఉండేది. దగ్గు తగ్గింది, ఒళ్ళు కాస్త నిండింది.

రాత్రే చెడ్డది. దక్షిణం నుంచి చలిగాలి వస్తే రేకు గుడిసె మంచుగడ్డ అయిపోయేది. పొయ్యి తెల్లవార్లూ మండితే ఎనోక్ నిద్రపోయేవాడు. ఆరిపోతే లేచి కూర్చుని, మోకాళ్ళు పట్టుకుని, ఊపిరి కోసం పెనుగులాడేవాడు. చూస్తూ కూర్చోవడం హెస్టర్ వల్ల అయ్యేది కాదు. గుడిసెలో నాలుగు మూలలా తిరిగేది.

మండించడానికి ఏముంది అక్కడ? ఉప్పుతుప్ప భగ్గుమని ఒక్క మంట మండి బూడిదవుతుంది. పాత దారుల మీదైతే పట్టాల కింద పరిచిన దుంగలు పుచ్చిపోయినవి దొరుకుతాయి. ఇది కొత్త దారి. ఒక్క దుంగా పుచ్చలేదు. బొగ్గు ఉంది, కానీ ఇంజను మీద ఉంది. ఇచ్చినవాడి ఉద్యోగం పోతుంది, పుచ్చుకున్నవాడిదీ పోతుంది.

కిందటి చలికాలం ఏం జరిగిందంటే, సామాన్ల బండి వాళ్ళకు గుర్తుగా ఉండాలని హెస్టర్ ఒక కర్ర పాతి, దాని మీద ఖాళీ జాము డబ్బా బోర్లించింది. పోతున్న ఇంజను మీద బొగ్గు వేసే కుర్ర ఫైర్‌మన్‌కు చెయ్యి ఊరుకోలేదు. ఒక బొగ్గుపెళ్ళ తీసి గురిచూసి కొట్టాడు. డబ్బా ఎగిరిపడింది. హెస్టర్ వెళ్ళి డబ్బా సంగతి మరిచి బొగ్గు ఏరుకుంది. ఆ రాత్రి ఎనోక్ నిద్రపోయాడు.

మర్నాడు ఆమె ఇంకా పెద్ద డబ్బా పెట్టింది. వాళ్ళు ఇంకా పెద్ద పెళ్ళలు విసిరారు. తరవాత అడ్డకర్ర కట్టి, పాత కోటు తొడిగి, కిరసనాయిలు డబ్బా తలకాయ పెట్టింది. చివరికి ఒకరోజు ఆమెకు మంచి ఊహ వచ్చింది. డబ్బా మీద ఇరుసుల జిడ్డుతో మీసాలు దిద్దింది. తీగతో కళ్ళద్దాలు చుట్టింది. పగిలిన గరాటు ముక్కుగా గుచ్చింది. నెత్తిన ఒక గట్టి నల్లటోపీ పెట్టింది. ఇక చెప్పేదేముంది, అచ్చం ఇన్‌స్పెక్టర్ లిడ్జెట్. ఇంజన్ల మీద పొగ ఎక్కువైందని, బొగ్గు ఎక్కువ కాలిందని ఫైర్‌మన్ల జీతాలు కోసే మనిషి. ఆ రోజు నుంచి బొగ్గు వానలా కురిసింది. బండి వచ్చేటప్పుడు డ్రైవరు రెండుసార్లు పొట్టిగా కూత వేసేవాడు. నమస్కారం ఇన్‌స్పెక్టర్ గారూ అని.

ఎనోక్ మాత్రం ప్రార్థనలు తప్పని మనిషి. "ఇది దొంగతనం కాదా?" అన్నాడు.

"దొంగతనం చెయ్యాలంటే నేను ఇంజను ఎక్కాలి. నేల మీదున్నది ఏరుకుంటున్నా."

"నేల మీదికి ఎలా వచ్చింది?"

"దేవుడికి తెలుసు."

"తెలుసు కాబట్టే అడుగుతున్నా."

"ఆయనతో నేను మాట్లాడుకుంటాలే. నువ్వు ఊపిరి పీల్చుకో."

పక్క గుడిసెల్లో ఉండే పట్టాల గ్యాంగుకు మేస్త్రి కినేన్ ఐరిష్ వాడు, పెళ్ళి లేని మనిషి. అతను ఒకటే షరతు పెట్టాడు. "చూడమ్మాయ్, నేను దాన్ని చూడలేదు. నాకు కనబడనంత దూరంలో పెట్టు. బండి పోగానే తీసెయ్యి. లిడ్జెట్ ట్రాలీ వేసుకుని చెప్పకుండా వస్తాడు. వచ్చి తన మొహం తాను చూసుకున్నాడంటే నా మొహం మీరెవరూ చూడరు."

అందుకని గుడిసెలకు తూర్పున, బాగా దూరంగా కర్ర పాతారు. ఉత్త కర్ర చూస్తే ఎవరికీ ఏమీ తోచదు. తూర్పు బండి వచ్చే రోజుల్లో పొద్దున్నే తలకాయ, టోపీ, కోటు పట్టుకుని హెస్టర్ నడిచి వెళ్ళి బొమ్మను నిలబెట్టేది. బండి పోయాక బొగ్గు ఏరుకుని, బొమ్మను విప్పుకుని వచ్చేది. వారం మొత్తంలో ఆమెకు వెళ్ళడానికి ఒక చోటంటూ ఉన్నది అప్పుడే.

ఆ రోజు చలి అంతా ఇంతా కాదు. బొచ్చెలో నీళ్ళు రాయి అయ్యాయి. మగవాళ్ళంతా ట్రాలీ మీద పడమటి వైపు పనికి వెళ్ళారు. ఎర్ర జెండాలు, ప్రమాదమైతే బండిని ఆపడానికి పట్టా మీద పెట్టి పేల్చే బిళ్ళలు, అన్నీ ట్రాలీలోనే వెళ్ళాయి. ఎనోక్ రాత్రంతా దగ్గి, అయినా వెళ్ళాడు. కిందటి బండి నాటి బొగ్గు అయిపోయి రెండో రోజు.

హెస్టర్ బొమ్మ సరంజామా తీసింది. కోటు చేతిలో మోయడం దేనికి, చలికి తనే తొడుక్కుంది. అది పాతకాలపు గార్డు కోటు, చీలమండల దాకా వస్తుంది, గుండీలు లేవు. నడుముకు తాడు బిగించి కట్టింది. చెవులు కొరికేస్తుంటే టోపీ కూడా నెత్తిన పెట్టుకుని, గాలికి పోకుండా పైనుంచి గుడ్డ కట్టి గడ్డం కింద ముడేసింది. డబ్బా తలకాయ చంకన పెట్టుకుంది. పట్టాల పక్కన బాట వెంట బయలుదేరింది.

గుడిసెలు దాటి ఎంతో దూరం పోలేదు. ఎదుటి ఎండ పట్టా మీద మెరుస్తోంది. ఒకచోట ఆ మెరుపు తెగింది.

దగ్గరికి వెళ్ళి చూసింది. పట్టా విరిగింది. చలికి బిగదీసుకుని పగిలింది. ఊరికే పగలడం కాదు, అతుకు దగ్గర అరచెయ్యంత ముక్క ఊడి కంకరలో పడి ఉంది. ఆ ఖాళీలో ఆమె పిడికిలి పెట్టి చూసింది. సులువుగా పట్టింది.

తలెత్తి తూర్పుకు చూసింది. పొగ కనబడుతోంది.

"మేస్త్రీ!" అని పడమటికి తిరిగి కేక వేసింది. ఆ కేక ఆమెకే వినబడలేదు. గాలి ఎత్తుకుపోయింది. గుడిసెల్లో ఎవరూ లేరు. జెండా లేదు. నిప్పు రగిలిద్దామంటే జేబులో అగ్గిపెట్టె లేదు, ఉన్నా ఆ గాలికి ఏం నిలుస్తుంది. ఆమె డబ్బా తలకాయను విరిగిన చోట దుంగ మీద నిలబెట్టింది. మగవాళ్ళు వస్తే వాళ్ళకైనా గుర్తు తెలియాలి. తరవాత కోటు పైకి ఎత్తిపట్టుకుని పొగకు ఎదురుగా పరుగెత్తింది.

కోటు కాళ్ళకు చుట్టుకుంది. తీసేద్దామని తాడు ముడి పట్టి లాగింది. వేళ్ళు మొద్దుబారాయి. ముడి రాలేదు. నిలబడి విప్పుకునే తీరిక లేదు. పట్టాల నడుమ పరుగెత్తితే దుంగలు తన్నుకుని పడింది. మోకాలు చీరుకుంది. లేచి పక్కబాట పట్టింది. ఆ మైదానం మీద ఎప్పుడూ లేనంత కోపం వచ్చింది. పరుగెత్తినా కదలనట్టే ఉంది. పొగ మాత్రం ఇప్పుడు కదులుతోంది. ఎప్పుడూ నిలబడి ఏడిపించే పొగ, ఈ ఒక్కరోజు ఆగదు.

కర్ర దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అందలేదు. ఇంకా ముందుకు పోవాలనుకుంది. కాళ్ళు రాలేదు. అప్పుడు ఆమెకు ఒకటి తోచింది. ఇంజను మీది వాళ్ళు ఎటు చూసినా చూడకపోయినా ఈ కర్ర వైపు తప్పకుండా చూస్తారు. దూరం నుంచే వెతుకుతారు. ఇక్కడ నిలబడితే చూస్తారు. నిలబడింది. రెండు చేతులూ పైకెత్తి ఊపింది. కోటు చేతులు పొడుగు, వేళ్ళ మీదుగా వేలాడి గాలికి టపటప కొట్టుకున్నాయి.

ఇంజను నల్లగా పెరిగింది. పట్టాలు సన్నగా పాడటం మొదలుపెట్టాయి.

కూత వినబడింది. పొట్టిగా, రెండుసార్లు.

చూశారు! హెస్టర్‌కు కళ్ళ నీళ్ళు వచ్చాయి. చూశారు, ఇక ఆపుతారు.

బండి ఆగలేదు. ఇంజను పక్క నుంచి ఒక మనిషి నడుము దాకా బయటికి వంగాడు. నవ్వుతున్నాడు. అతని చెయ్యి వెనక్కి వెళ్ళింది. చేతిలో నల్లటి పెళ్ళ ఉంది.

అప్పుడు అర్థమైంది ఆమెకు, ఆ రెండు కూతలు ఎవరికో.

"నేనురా! బొమ్మను కాదు! నేనురా!"

మొదటి పెళ్ళ ఆమె ముందు పడి, బండి వేగంతో దొర్లుకుంటూ వచ్చి కాలికి కొట్టుకుంది. రెండోది భుజానికి తగిలింది. ఆమె గిర్రున తిరిగి కూలబడింది. పట్టాల మీదికి ఉరుకుదామన్నా ఇక అంత సమయం లేదు, ఇంజను వచ్చేసింది, నేల అదురుతోంది. ఆమె చేతికి కాలి దగ్గరి పెళ్ళ దొరికింది. లేచింది. గనుల ఊళ్ళో పుట్టిన పిల్ల, చిన్నప్పుడు అన్నదమ్ములతో రాళ్ళు విసురుకుని పెరిగింది. ఒంట్లో ఉన్న భయమంతా, ఇన్నాళ్ళ కసి అంతా కలిపి, నవ్వుతున్న ఆ మొహం మీదికి విసిరింది.

తగిలింది.

ఫైర్‌మన్ లెక్స్ వెనక్కి పడ్డాడు. నొసలు చిట్లి నెత్తురు కళ్ళలోకి కారింది. డ్రైవరు టాంబ్లిన్ పెద్దవాడు. ఒరేయ్ ఏమైందిరా అని అరిచాడు.

"బాబాయ్, బొమ్మ కొట్టింది!"

"తాగావురా?"

"బొమ్మ తిరగబడి కొట్టింది బాబాయ్!"

టాంబ్లిన్ బయటికి తల పెట్టి వెనక్కి చూశాడు. ఇన్‌స్పెక్టర్ బొమ్మ పట్టాల వెంట పరుగెత్తుకుంటూ వస్తోంది. ఇంకో రాయి ఎత్తింది. టాంబ్లిన్ ఇక ఏమీ అడగలేదు. బ్రేకు మొత్తం వేసేశాడు.

చక్రాలు కీచుమన్నాయి. నిప్పురవ్వలు లేచాయి. పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. భోజనాల పెట్టెలో పింగాణీ పగిలిన చప్పుడు హెస్టర్‌కు బయటికి వినబడింది. బండి జారుతూ జారుతూ పోయి, గుడిసెల వైపు చాలా దూరం పోయి నిలబడింది. ఆమె పరుగు ఆపి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పడిందా లేదా అని చూసింది. ఇంజను నిటారుగానే ఉంది. ఆవిరి వదులుతోంది.

ఆమె అక్కడికి చేరేసరికి టాంబ్లిన్ కిందికి దిగి విరిగిన పట్టా ముందు నిలబడి ఉన్నాడు. ఇంజను ముందు చక్రానికీ ఆ ఖాళీకీ నడుమ ఒక మనిషి పడుకునేంత జాగా ఉంది. పెద్దాయన పైపు తీసి, వెలిగించకుండానే నోట్లో పెట్టుకున్నాడు. 

లెక్స్ నొసటికి గుడ్డ అదుముకుని వచ్చాడు. "నువ్వా తల్లీ! చేతులు ఊపుతుంటే గాలి అనుకున్నా."

"కేకలు వేశాను కదరా, దున్నపోతా!"

"నవ్వుకుంటున్నాంగా, వినబళ్ళేదు." తల దించుకున్నాడు. "భుజం చూపించు, ఏదీ?"

"భుజం ఉంది. నీ తలకాయ ఉందో లేదో చూసుకో."

ప్రయాణికులు దిగారు. బొచ్చుకోటు వేసుకున్న ఒకావిడ చుట్టూ చూసి, "ఇలాంటి చోట కూడా మనుషులుంటారా!" అంది.

"మేం ఉండబట్టే మీరు ఇంకా ఉన్నారు," అంది హెస్టర్. ఆవిడ పట్టా వైపు చూసి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ ఎక్కేసింది.

ఆ తరవాత వెనక పెట్టె నుంచి ఒక మనిషి కంకర మీద జాగ్రత్తగా అడుగులేస్తూ వచ్చాడు. నల్లటోపీ, కళ్ళద్దాలు, మీసాలు. లిడ్జెట్. ఈసారి ట్రాలీ మీద కాదు, బండిలోనే వచ్చాడు.

లెక్స్ మొహంలో నెత్తురు లేదు, ఉన్నదంతా గుడ్డకు అంటింది. టాంబ్లిన్ ఒక్క అడుగు పక్కకు వేసి దుంగ మీది వస్తువుకు అడ్డం నిలబడాలని చూశాడు. ఆలస్యమైంది. కిరసనాయిలు డబ్బా అక్కడే ఉంది, హెస్టర్ నిలబెట్టినట్టే, విరిగిన పట్టాకు కాపలా కాస్తున్నట్టు. తీగ కళ్ళద్దాలు, జిడ్డు మీసాలు, గరాటు ముక్కు. డబ్బా నిండా సొట్టలు.

లిడ్జెట్ ముందు పట్టా చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత డబ్బా చూశాడు. అది ఇంకా ఎక్కువసేపు చూశాడు.

అప్పటికి మగవాళ్ళ ట్రాలీ కూడా వచ్చింది. బ్రేకుల చప్పుడు గాలిని మించి వినబడి పరుగున వచ్చారు. కినేన్ మేస్త్రి దూకి దిగి, చూసి, శిలువ గుర్తు వేసుకున్నాడు. పట్టాను చూసో డబ్బాను చూసో తెలియదు.

"ఇదేమిటి మేస్త్రీ?" అన్నాడు లిడ్జెట్.

"దిష్టిబొమ్మ సార్. కాకులకు."

"కాకులకా. ఇక్కడ పంట ఏముంది?"

"పంట లేదు సార్. కాకులున్నాయి."

"సొట్టలు ఎందుకున్నాయి?"

"ఇక్కడి కాకులు మొండివి సార్."

ఎవరో నవ్వబోయి దగ్గాడు. ఎనోక్‌కు దగ్గు నిజంగానే వచ్చింది. వచ్చి ఆగలేదు. వంగిపోయి ట్రాలీ అంచు పట్టుకున్నాడు. లిడ్జెట్ అటు చూశాడు. హెస్టర్ ఒంటి మీది కోటు చూశాడు, గడ్డం కింద ముడేసిన నల్లటోపీ చూశాడు, లెక్స్ నొసలు చూశాడు, బాట పక్కన అక్కడక్కడా మెరుస్తున్న బొగ్గు చూశాడు.

హెస్టర్ ఇక ఉండబట్టలేకపోయింది. "అడగండి సార్, నన్ను అడగండి. బొమ్మ చేసింది నేను. మేస్త్రి చూడలేదు. ఈ అబ్బాయి విసిరింది నా మీద కాదు, మీ మీద."

"హెస్టర్!" అన్నాడు ఎనోక్ దగ్గు మధ్య.

"ఉండవయ్యా. రాత్రిళ్ళు పొయ్యి ఆరితే మా ఆయన బతకడు సార్. ఇక్కడ మండేది ఇంకేమీ లేదు. మీ మొహం పెడితే బొగ్గు ఎక్కువ పడుతుంది. అందుకని పెట్టాను."

 లిడ్జెట్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నా ముక్కు అంత పెద్దదా?"

"దూరం నుంచి కనబడాలి కదండీ."

లిడ్జెట్ డబ్బాను రెండు చేతులతో ఎత్తుకున్నాడు. సొట్టలు వేలితో తడిమాడు. "ఈ బండిలో నేనూ ఉన్నాను," అన్నాడు చివరికి, తనలో తను అనుకున్నట్టు. లెక్స్ వైపు తిరిగాడు. "నీ నొసటికి ఏమైంది?"

"బొగ్గుపెళ్ళ జారిపడింది సార్."

"పైనుంచా?"

"పక్క నుంచి సార్."

"జాగ్రత్తగా ఉండు. ఇంకోసారి జారితే ఉద్యోగం కూడా జారుతుంది." అని హెస్టర్ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, బొగ్గు ఇంజనుది. అది నీకిచ్చే అధికారం నాకు లేదు, పైవాళ్ళకూ లేదు. బొమ్మ ఇంక నిలబడకూడదు. కానీ నీ పెనిమిటికి పని మార్పించగలను. అగస్టా రేవులో, షెడ్డులో, కూర్చుని చేసే పని. ఇటుకల ఇల్లు. వీధులు, అంగళ్ళు, చుట్టూ జనం. ఈ వారమే బయలుదేరవచ్చు."

హెస్టర్ కాళ్ళు కదిలాయి. నిజంగానే కదిలాయి. ఒక అడుగు బండి వైపు వేసింది. గుడిసెలో పెట్టె సర్దే ఉంది. వీధులు. నడిచి వెళ్ళడానికి ఎన్ని చోట్లో. ఒక మూల తిరిగితే ఇంకో వీధి కనబడుతుంది. సముద్రం కనబడుతుంది.

సముద్రం.

తిరిగి ఎనోక్ వంక చూసింది. అతను ఆమెనే చూస్తున్నాడు. "వెళదామే. నాకేం కాదులే," అన్నాడు. ఆ ముక్క అనడానికి రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

"ఆయనకు సముద్రపు గాలి పడదు సార్," అంది హెస్టర్. "ఇక్కడే ఉంటాం."

లిడ్జెట్ డబ్బాను చంకన పెట్టుకున్నాడు. టోపీ కోసం చెయ్యి చాచాడు. ఆమె మొద్దుబారిన వేళ్ళతో గడ్డం కింద ముడి విప్పి ఇచ్చింది. కోటు తాడు మీద చెయ్యి వేస్తే, "కోటు ఉంచుకో. చలిగా ఉంది," అన్నాడు. మగవాళ్ళు పక్కన పేర్చి ఉన్న పట్టాల్లోంచి ఒకటి మోసుకొచ్చి బిగించారు. బండి మెల్లగా దాని మీదుగా దాటింది. ఎక్కడో పెట్టెలో ఎవరో పియానో మళ్ళీ మొదలుపెట్టారు.

రాత్రులు వచ్చాయి. పొయ్యి ఖాళీ. ఆ పూట బాట పక్కన పడిన బొగ్గు ఏరితే కొంత వచ్చింది, అదీ ఎంతో కాలం రాలేదు. మగవాళ్ళు తలా ఒక కంబళి తెచ్చి ఎనోక్ మీద కప్పారు. కంబళ్ళ బరువుకు ఊపిరి మరీ ఆడలేదు. హెస్టర్ గుడిసె చుట్టూ తిరిగింది. లోపల తిరిగితే ఎనోక్ లేస్తాడని బయట తిరిగింది. చేతికి వచ్చిన దాన్ని కాలదన్నుకున్నానా అనుకుంది. అక్కడికి వెళితే ఇంకా త్వరగా పోయేవాడు కదా అని తనే జవాబు చెప్పుకుంది. మళ్ళీ మొదటి ప్రశ్నకే వచ్చింది.

తూర్పు బండి వచ్చే రోజు కర్ర దగ్గరికి వెళ్ళి నిలబడింది. కోటు ఉంది, టోపీ లేదు, జుట్టు గాలికి ఎగురుతోంది. డ్రైవరు ఒక్క పొడుగాటి కూత వేశాడు. లెక్స్ నొసటికి కట్టు ఉంది. టోపీ తీసి గుండెల మీద పెట్టుకుని, చర్చిలో నిలబడ్డట్టు నిలబడి దాటిపోయాడు. కిటికీల్లోంచి జనం చేతి రుమాళ్ళు ఊపారు. బొగ్గు నలుసు కూడా పడలేదు.

"మర్యాద చేస్తున్నారు నాకు!" అంది ఆ సాయంత్రం. "పొయ్యిలో పెట్టుకోనా ఆ మర్యాద?"

"ఆడమనిషి మీద ఎలా విసురుతారే? అందులోనూ ప్రాణం పోసిన మనిషివి," అన్నాడు ఎనోక్.

"అదే తప్పంటున్నా."

తరవాతి బండి నాటికి ఆమె కోటు జేబులు నింపుకుంది. సున్నపురాళ్ళు, చేతికి సరిపోయేవి, ఏరి ఏరి పెట్టుకుంది. పొగ కనబడి నిలబడిపోయింది. ఆమె కర్ర చుట్టూ తిరిగింది. పొగ కదిలింది. ఇంజను వచ్చింది. పొడుగాటి కూత. లెక్స్ టోపీ తీశాడు, గుండెల మీద పెట్టుకోబోయాడు.

మొదటి రాయి బొగ్గు తొట్టికి తగిలి గంట కొట్టినట్టు మోగింది. రెండోది లెక్స్ చేతిలోని టోపీని ఎగరగొట్టింది.

"విసరరా, దద్దమ్మా! ప్రాణం లేదా చేతుల్లో!"

లెక్స్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఆమెకు టాంబ్లిన్ గొంతు వినబడింది. "చూస్తావేరా? మన ఇంజన్ని కొడుతోంది! తిప్పి కొట్టు!"

అప్పుడు లెక్స్ నవ్వాడు. వంగాడు. మొదటి పెళ్ళ ఆమెకు దూరంగా, తుప్పల్లో పడింది. తరవాత వాటికి లెక్క లేదు. పార పెట్టి ఎత్తి పోస్తున్నట్టు వచ్చాయి. హెస్టర్ కర్ర చాటున కూర్చుని, తల దాచుకుని, మధ్యలో లేచి ఇంకో రాయి విసిరి మళ్ళీ కూర్చుంది. బండి పోయాక గాలిలో పొట్టి కూతలు రెండు వినబడ్డాయి.

చీకటి పడే వేళకు పొయ్యి ఎర్రగా మండుతోంది. ఎనోక్ కుర్చీలో వెనక్కి వాలి వేడి టీ తాగుతున్నాడు. ఆమె గుమ్మం దగ్గర నిలబడి పట్టాల వంక చూస్తోంది, కూర్చోకుండా.

"ఇంతకీ ఎవరు మొదలుపెట్టారు?" అన్నాడు ఎనోక్.

"నేనే."

"ఇది దొంగతనం కాదా మరి?"

"కాదు," అంది హెస్టర్. "కొట్లాట."